పోయిన సీటు, దొరికిన సీటు

మా అమ్మాయి ఆ సాయంత్రం బడి నుంచి సైకిల్ మీద నిలబడి వచ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తే గోడ మీదుగా దాని తల ఒక్కటే పైకీ కిందికీ ఊగుతూ వస్తోంది. ఎవరో ఒంటె మీద ఊరేగుతున్నట్టుంది. గేటు దగ్గర దిగి, సైకిల్‌ను గోడకు ఆనించి, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు విదిలించుకుంది.

“ఏమే, అట్ల నిలబడి తొక్కుతాండావు? కూసోని తొక్కితే అరిగిపోతావా?” అన్నాను.

“కూసునేకి సీటుండాల గదమా.”

బయటికి వెళ్ళి చూశాను. సీటు లేదు. సీటు కింద ఉండే గొట్టం కూడా లేదు. అది దిగే చోట ఫ్రేములో గుండ్రటి రంధ్రం ఒకటి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. ఈ కొత్త సైకిళ్ళకు సీటు ఎత్తు మార్చుకోవడానికి చిన్న పిడి ఒకటి పెడతారు. స్పానర్ అక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు, సీటు గొట్టంతో సహా ఊడి వస్తుంది. కొనేటప్పుడు షాపతను దీన్నే గొప్ప సౌకర్యంగా చూపించాడు. ఎవరికి సౌకర్యమో నేను అడగలేదు.

ఆ సైకిల్ కొని ఎన్నాళ్ళో కాలేదు. తొమ్మిదో తరగతి పిల్లను ఇంకా ఆటోలో కుక్కి పంపడమేమిటని నేనే పట్టుబట్టి కొనిపించాను. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. ఆదోని రోడ్ల మీద పత్తి లారీలు ఎలా తిరుగుతాయో ఆయనకు తెలుసు కాబట్టి ఆయన భయం ఆయనది. మా అత్తగారి భయం వేరు. ఆ సీటు తోలుదేమోనని. ఆమె మంత్రాలయంలో గుడి సేవ చేసుకునే కుటుంబంలో పుట్టిన మనిషి. మడి కట్టుకున్నప్పుడు చెప్పుల గాలి కూడా తగలనివ్వదు. అది తోలు కాదత్తా, రెగ్జిన్ అని ఎంత చెప్పినా నమ్మలేదు. ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి పాతది ఒకటి చించి, నీలం తెలుపు గళ్ళ గుడ్డతో ఆ సీటుకు దిండు గలీబులాగా ఒకటి కుట్టి, కింద నాడా బిగించింది. ఆదోని మొత్తం మీద దుప్పటి కప్పుకుని తిరిగే సీటు అదొక్కటే అయి ఉంటుంది.

“దుప్పటితో సహా పోయిందా?” అంది అత్తగారు గడప లోపలి నుంచే.

“పోయింది అజ్జీ,” అంది మా అమ్మాయి. నానమ్మను మా ఇంట్లో కన్నడం అలవాటున అజ్జి అంటారు.

“సాకు, ఇంగ మాట్లాడొద్దండి. రాయరే చూసుకుంటారు,” అనేసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. సాకంటే కన్నడంలో చాలు. రాయరంటే మంత్రాలయం స్వామి. ఆయనకు మా ఇంట్లో పనులు చాలా ఎక్కువ. కనబడని తాళంచెవి దగ్గర్నుంచి రాని కరెంటు దాకా అన్నీ ఆయనే చూసుకోవాలి.

నాకు అంత ఓపిక లేదు. ఆ ఏడాది బడిలో దానివి పోయినవి తలచుకుంటే ఒళ్ళు మండిపోయింది. కంపాసు పెట్టె పోయింది. నీళ్ళ సీసా పోయింది. వానాకాలం మొదట్లోనే గొడుగు పోయింది. టిఫిన్ డబ్బా మూత పోయింది. డబ్బా ఉంది, మూత ఒక్కటే పోయింది. డబ్బా వదిలేసి మూత పట్టుకుపోయిన దొంగ మనసు నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

“నువ్వొకదానివి పోకుండా ఇల్లు చేరినావు, అదే పదివేలు,” అని తిట్టాను.

అది పట్టించుకోలేదు. కాళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది.

నేను ఎమ్మిగనూరులో ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. రోజూ పొద్దున ఆదోని నుంచి బస్సులో వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తాను. మర్నాడు మొదటి పీరియడుకు రాలేనని మా హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, నేరుగా మా అమ్మాయి బడికి వెళ్ళాను.

అక్కడి హెడ్మిస్ట్రెస్ మర్యాద తెలిసిన మనిషి. టీ తెప్పించింది. నేను చెప్పిందంతా తల ఓ పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసి వింది. తర్వాత చిన్నగా నిట్టూర్చింది.

“మీరూ టీచరే గదా మేడం. మీకు నేను సెప్పాల్నా? పిల్లలన్నాక వస్తువులు పోతాంటాయి. పేరు రాయించండి. కొంచెం జాగర్త నేర్పించండి.”

టీ గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే మా బడికి వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పే మాటలు సరిగ్గా ఇవే. ఇదే వరస. ఆ తల వాల్చడం కూడా ఇలాగే. అవే మాటలు బల్లకు ఇటువైపు కూర్చుని వింటే ఇంత మంట పుట్టిస్తాయని ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తెలియలేదు.

“సీటు మీద పేరెట్ల రాయాల మేడం?” అన్నాను.

“ఇప్పుడు పర్మనెంటు మార్కర్లు వస్తాండాయి గదా,” అంది ఆమె, ఎంతో సహాయం చేస్తున్నట్టు.

ఆమె గదిలోంచి లేచి సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చాను. గేటు పక్కన రేకుల షెడ్డు అది. దాని మూలన వాచ్‌మన్ గది. వాచ్‌మన్ పెద్దవాడు. తెల్ల మీసాలు, మెడలో విజిల్. స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

“ఏమప్పా, నువ్వుండంగానే సీట్లు పోతాండాయంటే ఎట్ల?” అన్నాను.

“సైకిల్ పోయిందా అమ్మా?”

“లేదు. సీటు పోయింది.”

“సైకిల్ ఉండాది గదా?”

“ఉండాది. సీటే లేదు.”

అతను తృప్తిగా తల ఊపాడు. “నేనీడ చేరినకాడ్నుంచి ఒక్క సైకిల్ పోలేదమ్మా. ఎవర్నన్నా అడగండి. సైకిల్ నా జిమ్మేదారి. సీట్లు, గంటలు, గాలి, ఇయ్యన్నీ నా జిమ్మేదారి గాదు.”

“గాలి ఎవరప్పా దొంగతనం చేసేది?”

“తీస్తారమ్మా. ఈ ఆడపిల్లల సంగతి మీకు తెల్దు,” అన్నాడు గొంతు తగ్గించి.

నేను మళ్ళీ హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళి, మీ వాచ్‌మన్‌కు బాధ్యత లేదని గట్టిగానే చెప్పి వచ్చాను. కిటికీ తెరిచే ఉండడంతో ఆ మాట అతని చెవిన కూడా పడింది. గేటు దాటుతుంటే నా వైపు చూసిన చూపులోనే అది తెలిసిపోయింది.

ఆ సాయంత్రం కూడా మా అమ్మాయి నిలబడే వచ్చింది. మా ఆయన కొత్త సీటు కొందామన్నారు. నేను ఒప్పుకోలేదు.

“కొనిస్తే దీనికి బుద్ధెట్ల వస్తాది? పోగొట్టుకున్న చోటే ఎతుక్కోవాలని పెద్దోళ్ళు ఊరికే సెప్పినారా?” అన్నాను.

మా అమ్మాయి తల ఎత్తింది. “ఆడ్నే ఎతుక్కోవాల్నా మా?”

“ఆడ్నే.”

“నిజంగానే అంటాండావా?”

“ఎన్నిసార్లు సెప్పల్ల నీకు?”

అది నా వైపు ఒక క్షణం విచిత్రంగా చూసి, సరేనంది. ఆ చూపు ఏమిటో అప్పుడే అడిగి ఉండవలసింది.

మర్నాడు ఎమ్మిగనూరు నుంచి బస్సు ఆలస్యమైంది. నేను ఇల్లు చేరేసరికి మసక చీకటి పడుతోంది. మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. సైకిల్ గోడకు ఆనించి ఉంది. దూరం నుంచి చూస్తే సీటు ఉన్నట్టే కనబడింది.

“దొరికిందా?” అన్నాను.

“దొరికింది.”

నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. “చూసినారా? నేను పోయి నిలదీసినాను గాబట్టి ఒక్క దినంలో బయటపడింది,” అని మా ఆయనతో అన్నాను. అది చాలక, మా బడిలో సైన్సు చెప్పే స్నేహితురాలికి ఫోన్ చేసి, తల్లిదండ్రులు గట్టిగా ఉంటే ఎలా పనులవుతాయో వివరంగా చెప్పాను. ఆవిడ పాపం చాలాసేపు వింది.

పొద్దున ముగ్గు వేయడానికి బయటికి వచ్చినప్పుడు చూశాను. సీటు ఎర్రగా ఉంది. మా సీటు కంటే వెడల్పు. కింద రెండు స్ప్రింగులు. అంచు చుట్టూ బంగారు రంగు కుట్టు. నీలం తెలుపు గళ్ళ గుడ్డ జాడే లేదు.

ముగ్గు గిన్నె కింద పెట్టి మా అమ్మాయిని లేపాను.

“ఇది మన సీటు గాదు గదే!”

అది కళ్ళు నులుముకుంది. “పోయిన చోట్నే ఎతుక్కోమంటివి గదమా. ఎతికినా. ఆడుండేటిదాంట్లో ఇదే బాగుండింది.”

నేను గబగబా వెళ్ళి వీధి తలుపు వేసి వచ్చాను. అది మాత్రం నిద్రమొహంతోనే, నాకు తెలియని లోకజ్ఞానం నేర్పుతున్నట్టు, ఓపికగా చెప్పుకొచ్చింది.

“అందరూ అంతే మా. సీటు లేకుంటే పక్క సైకిల్‌ది పీక్కుంటారు. ఆ పిల్ల వచ్చి ఇంగో సైకిల్‌ది పీక్కుంటాది. కుర్చీలాట ఉంటాది సూడు, అట్ల. ఆఖరుకు ఎవరొస్తే వాళ్ళు నిలబడి తొక్కాల. మొన్న నేను రికార్డు దిద్దించుకోని లేటుగా వస్తి. దొరికిపోతి.”

“టీచర్లకు సెప్పరా ఎవురూ?”

“సెప్తే ఏమంటారు? పేరు రాసుకోమంటారు.”

నేను వెళ్ళి ముగ్గు గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

ఈ సంగతి ఇంట్లో చెబితే అందరూ నాలాగే గాభరా పడతారనుకున్నాను. మా ఆయన మీసాల కింద నవ్వు దాచుకుంటూ చొక్కా గుండీలు పెట్టుకున్నారు.

“మనది ఒకటి పోయింది. మనకొకటి వచ్చింది. దాంట్లో తప్పేముండాది? మిల్లులో పత్తి బేళ్ళు తారుమారైతే ఇట్లే సర్దుకుంటాం,” అన్నారు.

“బేళ్ళ మాట వేరే. ఇది దొంగతనం.”

“దొంగతనమైతే మొదులు మనదే పోయింది గదా?”

ఈ మనిషితో లాభం లేదని అత్తగారి కోసం వెతికాను. ఆమె అప్పటికే సైకిల్ దగ్గర ఉంది. ఎర్ర సీటు మీద పసుపు నీళ్ళు చల్లి, మిగిలిన దుప్పటి ముక్క పరిచి, గలీబుకు కొలత తీసుకుంటోంది.

“అత్తా! దొంగసొత్తుకు గలీబు కుడతారా?”

“ఏది దొంగసొత్తు?” అంది ఆమె, జానతో వెడల్పు కొలుస్తూ. “మన సీటు మనకు తిరిగి తెచ్చియ్యమను, దీన్ని ఇచ్చేద్దాం. స్ప్రింగులు సూడు, ఎంత గట్టిగుండాయో. రాయరే ఇప్పించినారు.”

ఇంత మంచి కుటుంబంలో నిజాయితీకి నేనొక్కదాన్నే మిగిలానని ఆ పొద్దున తేలిపోయింది. సీటు ఊడదీశాను. చేత్తో తిప్పగానే ఎంత తేలిగ్గా వచ్చిందో! తిరిగి పెట్టి రమ్మంటే మా అమ్మాయి ససేమిరా అంది.

“తీసేటప్పుడు ఎవురూ సూడరు మా. పెట్టేటప్పుడే సూస్తారు. నేనే దొంగంటారు.”

సరే, నేనే వెళ్ళి పెట్టి వస్తానన్నాను. అది ఏడుపు మొహంతో మళ్ళీ నిలబడి తొక్కుకుంటూ వెళ్ళింది. నేను యూనిట్ టెస్టు పేపర్ల సంచీ ఖాళీ చేసి సీటును అందులో పెట్టాను. ఎలా పెట్టినా దాని ముక్కు బయటికి పొడుచుకొస్తూనే ఉంది. పైట కొంగు దాని మీద కప్పి ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న ముసలామె ఆ ఉబ్బును కాసేపు చూసి, “పుంజునా మా? ఊపిరాడుతాదా దానికి?” అని అడిగింది. మా అత్తగారు వినలేదు కాబట్టి సరిపోయింది.

ప్రార్థన అయిపోయి పిల్లలంతా తరగతుల్లోకి వెళ్ళాక గేటు లోపలికి అడుగుపెట్టాను. స్టూలు మీద వాచ్‌మన్ లేడు. టీకి వెళ్ళి ఉంటాడు. సీటు లేని సైకిల్ ఏదో చూసి, దానికి ఈ ఎర్ర సీటు తగిలించి, ఎవరి కంటా పడకుండా ఎమ్మిగనూరు బస్సు ఎక్కేయాలని నా ఆలోచన. సీటు లేనివి రెండు కనబడ్డాయి. ఒకటి మాది. రెండోది ఒక చిన్న సైకిల్. ఎవరిదో పాపం అనుకుంటూ దాని వైపు వెళ్తున్నాను.

షెడ్డు చివర ఒక ఆకుపచ్చ సైకిల్ మీద, నీలం తెలుపు గళ్ళు.

అది మా సీటే. మా అత్తగారి కుట్టే. నాడా మాత్రం ఎవరో ముద్దుగా పువ్వు ముడి వేశారు. ఆ ముడి చూడగానే నాలో ఏదో తెగింది. అటూ ఇటూ చూశాను. పిడి తిప్పాను. మా సీటు నా చేతిలోకి వచ్చింది.

వచ్చాక గానీ ఆలోచన రాలేదు. ఆకుపచ్చ సైకిల్ పిల్ల ఇప్పుడేం చేయాలి? దానికీ పరిష్కారం వెంటనే తట్టింది. ఎర్ర సీటు ఆకుపచ్చ సైకిల్‌కు పెట్టేస్తే సరి. మా సీటు మా సైకిల్‌కు. చిన్న సైకిల్ ఎలాగూ పొద్దున్నుంచీ సీటు లేకుండానే ఉంది కదా, అలాగే ఉంటుంది. అందులో నాకు ఏ తప్పూ కనబడలేదు. కుడిచేతిలో మా సీటు, ఎడమచేతిలో ఎర్ర సీటు పట్టుకుని తిరిగాను.

చెవులు పగిలేలా విజిల్ మోగింది.

“ఆగల్ల! ఆడ్నే ఆగల్ల!”

వాచ్‌మన్ టీ గ్లాసు చేతిలోనే ఉంది. మీసాలు వణుకుతున్నాయి. కోపంతో అనుకున్నాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, ఆనందంతో.

“ఇన్నేండ్ల నా సర్వీసులో ఇదే మొదులు, దొంగను సేత్తో పట్టినా. అది గూడ టీచరమ్మను!”

“ఏం మాట్లాడుతాండావప్పా? ఇది మా సీటు.”

“మరి అది?”

ఎర్ర సీటు వైపు చూశాను. “ఇది... మాది గాదు.”

“సరిపాయె,” అన్నాడు. “నడువండమ్మా మేడం దగ్గరికి.”

సీట్లు కింద పెడతానంటే ఒప్పుకోలేదు. సాక్ష్యమట. రెండు చేతుల్లో రెండు సీట్లతో నేను ముందు, విజిల్ ఊదుతూ అతను వెనక, మైదానం మధ్యలోంచి నడిచాం. విజిల్‌కు కిటికీల నిండా తలలు వచ్చాయి. పై అంతస్తులో తొమ్మిదో తరగతి. అక్కడ ఒక తల మాత్రం చటుక్కున బెంచీ కిందికి మాయమైందని నాకు తర్వాత తెలిసింది.

హెడ్మిస్ట్రెస్ ఈసారి టీ తెప్పించలేదు. నన్ను చూసింది, సీట్లను చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

“కూచోండి మేడం,” అంది చివరికి.

ఉన్నదంతా చెప్పేశాను. సామెత చెప్పి పంపడం, అది ఎర్ర సీటు తేవడం, పిల్లల కుర్చీలాట, అన్నీ. చెబుతూ ఉంటే ఏ ముక్కా నాకే నమ్మేలా అనిపించలేదు. ఆమె నమ్మిందో లేదో గానీ, ఆకుపచ్చ సైకిల్ పిల్లను పిలిపించింది. రెండు జడల సన్నటి పిల్ల వచ్చి, బల్ల మీద గళ్ళ సీటును చూడగానే తల దించుకుంది.

“ఇది యాడిది?”

“నా సీటు పోయింటే తీసుకున్నా మేడం.”

“నీ సీటు ఎవరు తీసుకున్నారో తెలుసా?”

“తెలుసు మేడం. ఎయిత్ బీలో ఉండాది.”

హెడ్మిస్ట్రెస్ కుర్చీలో ముందుకు జరిగింది. “తెలిసి గూడ అడగలేదా?”

“ఆ పిల్లది గూడ పోయింది గదా మేడం,” అంది ఆ పిల్ల, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

“పో. ఆ పిల్లను సీటు తీసుకోని రమ్మను.”

ఎయిత్ బీ పిల్ల సీటుతో వచ్చింది. దాని అసలు సీటు టెన్త్‌లో ఉంది. టెన్త్ పిల్ల వచ్చింది. దానిది సెవెంత్‌లో ఉంది. ఇలా ఒకరు ఇంకొకరిని పిలుచుకొచ్చారు. కాసేపటికి గదిలో చోటు చాలక వరండాలో వరసగా నిలబడ్డారు. ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో సీటు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నవాళ్ళు కొందరు, చంకలో పెట్టుకున్నవాళ్ళు కొందరు. ఒకతె సీటును నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నిలబడింది. వాచ్‌మన్ విజిల్ ఊది వరస సరిచేస్తున్నాడు. ఒక్కరిలోనూ భయం కనబడలేదు. రెండో పీరియడు లెక్కలట. అది తప్పిన సంతోషం ఉంది అందరి మొహాల్లో.

మా అమ్మాయి చివరన వచ్చింది. నేనెవరో తెలియనట్టు గోడ మీది పటాన్ని చూస్తూ నిలబడింది.

“ఎవరి సీటు వాళ్ళు తీసుకోండి,” అంది హెడ్మిస్ట్రెస్.

వరండా సంతలాగా అయిపోయింది. “అది నాది,” “ఇది నీది గదా,” “అయ్యో దీన్ని చింపినావు గదే!” అంటూ ఒకరి చేతిలోంచి ఒకరికి సీట్లు మారాయి. ఎర్ర సీటు ఒక బొద్దు పిల్లది. రెండు చేతులా అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“దీనికి పసుపు వాసనెందుకు వస్తాది మేడం?”

నేను సీలింగ్ ఫ్యాను వైపు చూశాను. మా అమ్మాయి పటాన్ని ఇంకా శ్రద్ధగా చూసింది.

అందరూ సర్దుకున్నాక ఒక పిల్ల ఖాళీ చేతులతో మిగిలింది. ఆరో తరగతి. గుప్పెడంత మనిషి. చిన్న సైకిల్ దానిదే. కళ్ళలో నీళ్ళు నిండుతున్నాయి.

“నీ సీటు ఎవరు తీసుకున్నారమ్మా?” అన్నాను నేనే.

“తెల్దు మేడం. అది లూజై ఊడి కింద పడింది. బెల్లు కొడితే ఆడ్నే ఇడిసిపెట్టి పోయినా. మళ్ళొచ్చి సూస్తే లేదు. సానా దినాలు నిలబడే తొక్కినా. కాళ్ళు నొప్పులొచ్చి...” అని ఆగి పక్కనున్న పిల్ల వైపు చూసింది. “అప్పుడు అక్కది తీసుకున్నా. ఆయక్క నిన్న మళ్ళ తీసేసుకుంది.”

అంటే మొదటి సీటు ఇదన్నమాట. మిగిలినవన్నీ దీని వెనక కదిలినవే. మరి ఇది ఎక్కడికి పోయింది? గుమ్మం దగ్గర వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు.

“నల్లదా పాపా? ఎనక సైడు ఇంత చిరిగుంటాదా?”

ఆ పిల్ల తల ఊపింది.

అతను గబగబా వెళ్ళి తన గదిలోంచి ఒక మూట తెచ్చాడు. పైన ప్లాస్టిక్ సంచీ. లోపల పేపరు. పేపరు లోపల నల్లటి చిన్న సీటు. ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులా ఆ పిల్లకు అందించాడు.

“కింద పడుంటే భద్రంగా ఎత్తిపెట్టినా మేడం. ఈగ గూడ వాలలేదు.”

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు తీసింది. “ఇంతమంది పిల్లలు సీటు పోయిందని నీ దగ్గరికే వచ్చినారు. ఈ టీచరమ్మ వచ్చింది. అప్పుడెందుకు సెప్పలేదప్పా?”

అతనికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. “వాళ్ళంతా పోయిందని వచ్చినారు మేడం. ఇది దొరికింది గదా. అది వేరే, ఇది వేరే.”

హెడ్మిస్ట్రెస్ హాజరు పట్టీ తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. పట్టీ పైఅంచు వణుకుతోంది. నాకు పట్టీ లేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాచ్‌మన్ మమ్మల్ని ఇద్దరినీ చూసి, చదువుకున్న ఆడవాళ్ళకు ఇలా ఉన్నట్టుండి ఏమొస్తుందో తెలియక, మర్యాదగా బయటికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి టీ వచ్చింది.

పోయేముందు అతని దగ్గర ఆగాను. బాధ్యత లేని మనిషివని అన్నందుకు ఏమీ అనుకోవద్దన్నాను.

“నేనేమనుకోలేదమ్మా,” అన్నాడు. “మీరు గూడ నేను దొంగన్నందుకు ఏమనుకోవద్దండి. రెండు సేతుల్లో రెండుంటే ఎవురైనా అట్లే అనుకుంటారు.”

ఎమ్మిగనూరు చేరేసరికి మధ్యాహ్నం బెల్లు కొడుతున్నారు. మా హెడ్మాస్టరు ఎందుకింత ఆలస్యమని అడిగాడు. సీటు విషయమై మా అమ్మాయి బడికి వెళ్ళవలసి వచ్చిందన్నాను.

“అప్పుడే మెడిసిన్‌కు ట్రై చేస్తాండారా మేడం? వచ్చిందా సీటు?”

“వచ్చింది సార్,” అని క్లాసుకు వెళ్ళిపోయాను. సాయంత్రానికి స్టాఫ్ రూములో ముగ్గురు నాకు అభినందనలు చెప్పారు.

మా అమ్మాయి ఆ రోజు దర్జాగా గళ్ళ సీటు మీద కూర్చుని ఇంటికొచ్చిందట. నేను వచ్చేసరికి మూలన ముడుచుకుని ఉంది. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది.

“నువ్వింగ మా స్కూలుకు రావద్దు.”

“సరే, రాను.”

“అందరూ నిన్నే అంటాండారు.”

“ఏమంటాండారు?”

ఆపుకోలేక చెప్పేసింది. “మేము ఒక సీటు పీకేకి ఇద్దర్ని కాపలా పెట్టుకుంటామే, మీయమ్మ ఒక్కతే రెండు పీకింది, ఏం ధైర్యం అంటాండారు మా!”

లోపల పూజగదిలోంచి అత్తగారి నవ్వు వినిపించింది. జపం మధ్యలో ఆమె నవ్వగా నేను వినడం అదే. మా ఆయన పేపరు వెనక దాక్కున్నారు. నేను మాత్రం నవ్వలేదు. టీచర్ని కదా. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మనది పోయిందని పక్కవాళ్ళది తీసుకుంటే ఏమవుతుందో, ఆఖరికి ఆ ఆరో తరగతి పిల్లకు ఏమైందో, తెలుగులో ఎంత చక్కగా చెప్పవచ్చో అంత చక్కగా చెప్పాను. అది బుద్ధిగా వింది. కళ్ళు కూడా కొంచెం తడయ్యాయి. రేపు ఆ చిన్నపిల్లకు సీటు బిగించడంలో తనే సాయం చేస్తానంది. నాకు తృప్తి కలిగింది.

“మా, ఒకటి అడగల్నా?” అంది తర్వాత.

“అడుగు.”

“నువ్వు మన సీటు పీకితివి గదా. మరి ఎర్రది ఆ చిన్న సైకిల్‌కు పెట్టకుండా చేతిలోనే ఎందుకు పెట్టుకుంటివి?”

మా ఆయన పేపరు కొంచెం కిందికి దిగింది. పూజగదిలో జపం ఆగింది.

“పోయి కాళ్ళు మొహం కడుక్కో,” అన్నాను. “ఉగ్గాని చల్లారిపోతాంది.”